మేడమ్ బకెట్

మా మేడమ్ గత సోమవారం పోయారు. ఈ వాక్యం ఆవిడ చూస్తే ఎర్ర పెన్ను తీసేవారే: "ఎక్కడ్నుంచి పోయింది, ఎక్కడికి పోయింది? సరిహద్దులు చెప్పకుండ లెక్క మొదలుపెడ్తవా?" బాచుపల్లి నుంచి, మేడమ్. ఎక్కడికన్నది మీ పాస్టరు గారు సమాధి దగ్గర గట్టి నమ్మకంతో చెప్పారు. మేం రాసుకున్నాం.

హైటెక్ సిటీలో డెస్క్ కింద బకెట్ పెట్టుకున్న ఇంజినీరు బహుశా ఆవిడ ఒక్కరే. కరిగిన సోడియంతో చల్లబరిచే అణు రియాక్టర్లను కంప్యూటర్‌లో చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేడి ఎంతో లెక్కగట్టడం మా పని. పంపులు నెమ్మదించినప్పుడు వేడి సోడియం పైన, చల్లనిది కింద, పొరలుగా నిలబడిపోతుంది. మధ్యలో సన్నటి గీత. అది పైకీ కిందికీ ఊగిన చోట ఉక్కు గోడ అలిసిపోయి, చివరికి పగుళ్లు తేలుతుంది.

కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి పాఠం బకెట్‌తోనే. సగం చన్నీళ్లు, వాటి మీద తేలే పళ్లెం, దాని మీదుగా మెల్లగా వేన్నీళ్లు. "చెయ్యి ముంచు. వేళ్లు చల్లగ, మణికట్టు వేడి. ఆ నడుమ ఉన్నదే మన నౌకరి." హౌస్‌కీపింగ్ వాళ్లు ఆ బకెట్ పట్టుకుపోతే ఫ్లోరంతా వెతికించేవారు.

మేడమ్‌తో మా చివరి ప్రాజెక్టులో స్క్రీన్ మీద ఆ గీత రాలేదు. వేడిని చూపే ఎరుపు, చల్లదనాన్ని చూపే నీలంలోకి మెత్తగా జారిపోయి, పట్టుచీరలా ముచ్చటగా ఉంది. మేడమ్ కళ్లద్దాలు పైకి నెట్టారు.

"ఇది రియాక్టరా, పప్పుచారా? గడులు పెద్దగ పెట్టిండ్రు. సోడియం కలవలే, మీ లెక్క కలిపింది."

మా మేనేజర్ కాకినాడ మనిషి, మర్యాదస్తుడు. "క్లయింటు ఆగరండి మేడమ్. గ్రాఫ్ చక్కగానే ఉంది కదండీ."

"చక్కగుంటే ఫ్రేము కట్టించుకోండ్రి సార్. నేనైతే సంతకం పెట్ట."

గీత ఉండాల్సిన చోట గడులు చిన్నవి చేయించి, లెక్క మళ్లీ మొదలుపెట్టించారు. అది నడుస్తుండగానే దవాఖానలో చేరారు. చూడటానికి వెళ్తే ఒంట్లో ఎలా ఉందో చెప్పలేదు.

"కలిసిందా?"

"ఇంకా తెల్వదు మేడమ్."

"తొందరపడి కలపకుండ్రి. మనుషులు కలవాలె. సోడియంను దాని మానాన ఉండనియ్యాలె."

సమాధి మట్టి ఆరకముందే మేనేజర్ గొంతు తగ్గించి, "పాతదే పంపేద్దామా? ఇప్పుడింక..." అని ఆగిపోయారు. "పంపం సార్," అన్నాను. ఆ పంతం నాకు పుట్టుకతో రాలేదు. ఆవిడ పెట్టింది.

నిన్న లెక్క ముగిసింది. ఎరుపుకూ నీలానికీ మధ్య గీత, దారమంత సన్నగా, తెగకుండా నిలిచింది. మేనేజర్‌కు ముందు స్క్రీన్ చూపించలేదు. బకెట్ బయటికి లాగాం. చన్నీళ్లు, పళ్లెం, వేన్నీళ్లు. ఆయన వాచీ తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచి, చెయ్యి ముంచారు.

"కొత్తదే పంపండి," అన్నారు, నీళ్లలోకి చూస్తూ. చెయ్యి మాత్రం చాలాసేపు బయటికి తియ్యలేదు.