నేను చెక్కిన పులస

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను గోదావరి జిల్లాలో పులస బొమ్మ చెక్కడానికి ఒప్పుకున్నానంటే, జరగబోయే ఘోరం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అయినా చెబుతాను, నవ్వుకోండి.

తణుకులో నాన్నగారి కిరాణా కొట్టు కాదని, రాజమండ్రిలో ఇత్తడి వస్తువుల వర్క్‌షాపు పెట్టిన కొత్త. "మొదటి ఆర్డరు చెడిందా, వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో" అన్నారాయన. ఆ మొదటి ఆర్డరు రైసుమిల్లు సూర్యారావు గారిది. రిటైరవుతున్న ఒక ఆఫీసరు గారికి బహుమతిగా, టేబుల్ మీద ఉంచుకుని కవర్లు చింపుకునే కత్తి కావాలట.

"చూడగానే మన గోదారి గుర్తురావాలయ్యా. పులసలా చెయ్యి. పులస తెలుసుగా?"

"భలేవారండీ. తెలీకపోవడమేంటండీ."

పేరు తప్ప ఏమీ తెలియదు. పట్టుదల మాత్రం పుట్టెడుంది. ముక్కుకు రుమాలు కట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్లాను. తెలిసినవాళ్లు చూస్తే నాన్నగారికి కబురు వెళ్తుందన్న భయంతో ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంత పేరున్న చేప అన్నిటికన్నా లావుగా ఉండి తీరాలని నాకు నేనే తీర్మానించుకుని, అక్కడున్న వాటిలో బాగా బొద్దుగా ఉన్నదాన్ని ఫొటో తీసుకొచ్చాను. నా తెలివికి మీరే దండ వేయాలి.

నిద్రాహారాలు మాని ఒక్కొక్క పొలుసూ చెక్కాను. తల పిడి, తోక పదును. పట్టుకెళ్లి ఇస్తే సూర్యారావు గారు అటూ ఇటూ తిప్పి, భార్యను పిలిచి చూపించారు.

"బొచ్చె కదండీ ఇది. తల చూడండి ఎంతుందో" అందావిడ.

"చెరువులో పెంచే బొచ్చెని పులసంటావేంటయ్యా? అసలు పులస ఎప్పుడైనా తిన్నావా?" అన్నారాయన.

"చేపే తినలేదండీ."

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. నాకు గల్లాపెట్టె కళ్ల ముందు కదిలింది. ఏడుపొచ్చింది కూడా. అయినా వదల్లేదు.

"మళ్లీ చేస్తానండీ. కావాలంటే ఈసారి తిని మరీ చేస్తాను."

"వద్దులే, మీ నాన్నగారికి నేను సమాధానం చెప్పుకోలేను" అని ఆయన మళ్లీ కత్తి చేతిలోకి తీసుకున్నారు. మెల్లగా మీసాల్లో నవ్వు మొదలైంది. "మా బావమరిది ఏటా నన్ను పిలిచి, ఏదో చేప వండి పెట్టి పులసంటాడు. వాడికి సరిగ్గా ఇదే ఇవ్వాలి."

"మరి ఆఫీసరు గారికండీ?"

"శాలువా కప్పుదాం."

ఆ సాయంత్రమే రేవులోకి దిగి, గోదావరి నీళ్లు దోసిట పట్టి ఒట్టు పెట్టుకున్నాను. మా వంటింట్లోకి రాని దేన్నీ ఈ జన్మలో చెక్కను. అప్పటినుంచి కవర్లు చింపే కత్తి కావాలని ఎంత పెద్దవారొచ్చినా ములక్కాడే చేసిస్తున్నాను.