చట్టం ముట్టని చేను

ఒక్క మాటను ఇన్నేళ్లు మోశాను. అది అబద్ధమని మొన్నటిదాకా నాకు తప్ప ఎవరికీ తెలియదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఇచ్చోడలో పోశెట్టి, నేను కలిసి ఎరువులు, పత్తి విత్తనాల దుకాణం పెట్టాం. చెరి సగం. ఆదిలాబాద్ సేటు దగ్గర సరుకు అరువు తెచ్చి, రైతులకు అరువుకే ఇచ్చేవాళ్లం. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. ఇచ్చింది తిరిగి రాలేదు. ఆ పరేషాన్‌లోనే పోశెట్టి కామెర్లు ముదిరి చనిపోయాడు. సేటు కోర్టుకెక్కుతానన్నాడు.

వకీలు దగ్గరికి ఒక్కడినే వెళ్లాను. ఆయన విడమరిచి చెప్పాడు. దుకాణం అప్పుకు భాగస్తులే పూచీ. దుకాణంలో ఉన్నది చాలకపోతే సొంత ఇల్లూ పొలమూ అమ్మి కట్టాలి. ఒకడి దగ్గర ఏమీ లేకపోతే మొత్తం రెండోవాడి నుంచి రాబట్టుకోవచ్చు. పోశెట్టి పేరు మీద ఏమీ లేదు. అతని భార్య నర్సక్కకు మాత్రం బోథ్‌లో రెండెకరాల చేను ఉంది, తల్లి ఇచ్చింది. "దాన్నెవరూ ముట్టలేరు. ఆమె భాగస్తురాలు కాదు" అన్నాడు వకీలు.

అంటే భారమంతా నాదే.

ఊళ్లో బస్సు దిగేసరికి నర్సక్క ఎదురొచ్చింది.

"అన్నా, మా అవ్వ ఇచ్చిన చేను గూడ పోతదా?"

"పోతది చెల్లె. కోర్టోళ్లు రాకముందే అమ్ముకుంటే జర ధర వస్తది."

"నువ్వు చెప్పినంక ఇంకేముంది" అంది.

అమ్మింది. డబ్బు తెచ్చి నా చేతిలోనే పెట్టింది. దాంతో సగం అప్పు తీరింది. మిగతా సగం నేను దాచుకున్నదాంతో కట్టాను, నా పొలంలో గుంట నేల కూడా అమ్మకుండా. భయపడి అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? భయంతో నోరుజారిన మాటయితే మర్నాడు వెనక్కి తీసుకోవచ్చు కదా? ఆ చేనుకు బేరం కుదరడానికి నెల పట్టింది. ఆ నెలంతా ఆమె ఇంటి ముందు నుంచే నడిచాను, ఆగి చెప్పడానికి ఎన్ని పొద్దులు దొరికినా ఆగలేదు. అది భయం కాదు. స్వార్థం.

నర్సక్క కూలికి పోయి బిడ్డను చదివించింది. మొన్న ఆ పిల్లకు ఉట్నూర్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకుని ముందు మా ఇంటికే వచ్చింది నర్సక్క. "ఆపదల అన్నే ఆదుకున్నడు" అని నా భార్యతో చెప్పింది. ఆ మిఠాయి పొట్లం విప్పకుండా పక్కన పెట్టేశాను.

మూడోనాడు ఆమె ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. విని, ఆమె అడిగింది ఒకటే.

"మీ ఇంట్ల ఎరుకేనా?"

"లేదు."

"ముందుగాల ఆడ చెప్పు. నా ఒక్కదాని చెవుల ఏసి పోతే అయిపోతదా?"

ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య కంచం ముందు నుంచి లేచిపోయింది. కొడుకు మాత్రం, "కాల్వ పక్క రెండెకరాలు ఆమె పేరు మీద చేద్దాం బాపు" అన్నాడు. వాడి గొంతులో నాపై కోపం ఉంది. అయినా ఆ మాట వింటుంటే, మా ఇంట్లో ఒక మంచి మనిషి పుట్టాడనిపించింది.

రేపు పొద్దున ఇద్దరం ఆమె దగ్గరికి వెళ్తున్నాం. తీసుకుంటుందో, వాకిట్లోంచే పొమ్మంటుందో తెలియదు. క్షమించమని అడగను. ఏమన్నా సరే, ఈసారి అన్నీ తెలిసి అంటుంది.