మెట్ల కింద పూజ గది

నెల రోజులుగా మా తమ్ముడు నాకు ఇంటి ప్లాను చదవడం, గీయడం నేర్పుతున్నాడు. వాడు బొబ్బిలిలో డ్రాఫ్ట్స్‌మన్. మేం కట్టుకుంటున్న ఇంటికి ఈశాన్యంలో పూజ గదిని నాచేతే స్కేలు పెట్టి గీయించాడు. "భలే గీసేవక్కా" అని మెచ్చుకుని ఆ కాగితం పట్టుకెళ్లాడు కూడా.

ఈ రోజు పనివాళ్లకి మజ్జిగ ఇద్దామని వెళ్లి, మేస్త్రి చేతిలో డ్రాయింగు చూశాను. ఈశాన్యంలో మా వారి ఆఫీసు గది ఉంది. ఇంటిని నిలువునా కోసి చూపించే సెక్షన్ బొమ్మలో, మెట్ల ఏటవాలు గీత కింద 'పూజ' అని ఉంది. అంటే మేడెక్కే ప్రతి పాదమూ స్వామి నెత్తినే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "ఏట్రా ఇది?"

"బావే మార్సమన్నాడక్కా. నీకు సెప్పొద్దన్నాడు."

"మరి నాసేత ఎందుకు గీయించేవు?"

"నీ మనసు కుదుటపడతాదని. సెక్షన్ కూడా సదివేస్తావనుకోలేదక్కా!"

మా వారు చేసిన దానికన్నా వీడు చేసిన దానికే ఎక్కువ ఏడుపొచ్చింది. గోడలకి ఇంకా తాడు పట్టి గుర్తులే పెడుతున్నారు కాబట్టి, పని ఆపమని మేస్త్రికి మెల్లగానే చెప్పాను. ఆపాడు. సంగతి తెలిసినప్పటి నుంచి మా వారు నాతో మాట్లాడటం లేదు. దీపం పెట్టి దేవుడితోనే చెప్పుకున్నాను. మీ ఇంట్లో పూజ గది ఎక్కడుండాలో ఎవరు తేల్చారు? చెప్పండి, మా ఇంట్లో వినిపిస్తాను.