అమ్మకు రాసిన ఉత్తరంలో ఆలుగడ్డలు

వికారాబాద్‌లో సముద్రం లేదు. సరుకు ఓడల మీద పదిహేడేళ్లు వంట చేసి వచ్చిన నాకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. మా వీధిలో నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. తిమింగలాన్ని చూశావా? ఓడ మునిగితే ఏం చేసేవాడివి? మొదటిదానికి చూశానంటాను. రెండోదానికి మునిగేవాణ్నంటాను. నవ్వేసి ఎవరి పనికి వాళ్లు పోతారు. మూడో ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నా భార్య పోయి నాలుగేళ్లయింది. వండేది నేనే, వంకలు పెట్టేది నేనే. బల్ల మీద తడిగుడ్డ పరిచి దాని మీద కంచం పెట్టుకుంటాను. ఓడ ఊగినప్పుడు కంచం జారకుండా అక్కడ అట్లా పరిచేవాళ్లం. మా ఇల్లు కట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఊగలేదు. అయినా గుడ్డ పరచకుండా కూర్చుంటే ముద్ద దిగదు. ఇందులో వింత ఏమీ లేదనుకునే మనిషి ఈ జిల్లా మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. వాడు తాండూరులో ఉంటాడు.

వాడు ఇంజను గదిలో యంత్రాలకు నూనె పోసే ఆయిలర్. నేను సిబ్బందికి వండే భండారీని. ఒకరి పేరు ఒకరం పలికి ఏళ్లయింది. వాడికి నేను భండారీ, నాకు వాడు ఆయిలర్. నేను ఏడో తరగతిలో బడిని వదిలేశాను, లేదా బడే నన్ను వదిలేసింది, ఇద్దరికీ మేలే జరిగింది. వాడు అసలు బడి గడప తొక్కలేదు. తాండూరు బండల గనుల్లో పెరిగాడు. మీటర్ల మీద అంకెలు చదవగలడు, సంతకం గీయగలడు, అంతే. ఇద్దరం వేరువేరుగా ముంబై రైలెక్కినవాళ్లమే. ఒకే ఓడలో కలిశాం. మొదటి రోజు పప్పు నోట్లో పెట్టుకొని, "జర ఉప్పెక్కువైంది" అన్నాడు. ఆ 'జర' విని గరిటె కింద పెట్టి వాడి ముఖంలోకి చూశాను. ఇరవై రెండు మంది సిబ్బందిలో మా భాష మాట్లాడేది మేమిద్దరమే.

అందుకే ప్రతి ఆదివారం రైలెక్కి తాండూరు పోయేవాణ్ని. వాడు చర్చి నుంచి వచ్చేసరికి నేను అరుగు మీద ఉండేవాణ్ని. వాడి భార్య చాయ్ ఇచ్చి, "అన్నా, ఇంక మీ ఓడ కదలనియ్యుండ్రి" అని లోపలికి పోయేది. సాయంత్రం బండి వచ్చేదాకా మా ఓడ నడిచేది. తుపానులో పప్పుగిన్నె ఎగిరి వంటింటి గోడకు కొట్టుకున్న సంగతి కనీసం వందసార్లు చెప్పుకొని ఉంటాం. చెప్పిన ప్రతిసారీ గిన్నె కొంచెం పెద్దదయ్యేది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం వాడు చాయ్ కూడా తాగకుండా లోపలి నుంచి ఒక కవరు తెచ్చాడు. పసుపురంగుకు తిరిగిన పాత కవరు. అంటించింది అంటించినట్టే ఉంది. అన్నం మెతుకులతో నేనే అంటించిన కవరు. చూడగానే చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. చాయ్ సగంలో వదలడం నాకు అరుదు.

ఆ కవరు కథ చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందటిది. పెద్ద సముద్రం దాటుతున్నాం, రేవుకు ఇంకా తొమ్మిది రోజులుంది. కెప్టెన్ నన్ను పిలిపించాడు. ఆయిలర్ తల్లి చనిపోయిందని రేడియోలో కబురు వచ్చిందన్నాడు. నడి సముద్రంలో మనిషిని ఇంటికి పంపలేం, ఇంజను గదిలో మనసు మనసులో లేనివాడు చెయ్యో కాలో పోగొట్టుకుంటాడు, కాబట్టి రేవు చేరాకే చెప్పాలన్నాడు. వాడి భాష నీకే వచ్చు గనుక ఆ రోజు చెప్పే పని నీదే, అందాకా వాడిని కనిపెట్టుకొని ఉండు, నోరు మాత్రం జారకు అన్నాడు. సరే సార్ అన్నాను. ఓడ మీద కెప్టెన్‌కు ఇంకో జవాబు ఉండదు.

రెండో రోజే వాడు కాగితం పట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. వాడి ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. తల్లికి రాయమన్నాడు. కూరగాయల బుట్ట మీద కూర్చొని ఒక్కో మాట చెబుతుంటే పెన్ను పట్టుకొని కూర్చున్నాను. 'అమ్మా' అని రాశాను. ఆ తరువాత చెయ్యి కదలలేదు. లేని మనిషికి ఏమని రాయాలి? వాడేమో చూస్తున్నాడు. చదవడం రాకపోయినా పెన్ను కదలకపోతే తెలుస్తుంది కదా. ఎదురుగా గోడకు ఆ వారం వంటల పట్టిక అంటించి ఉంది. దాన్ని చూసి కాగితం మీదికి దించేశాను. సోమవారం పప్పు, ఆలుగడ్డ వేపుడు. మంగళవారం కోడిగుడ్ల పులుసు. అట్లా ఆదివారం దాకా. రేవులో విషయం తెలిశాక ఈ కాగితాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నాను.

రేవు చేరాక చెప్పాను. కబురు ఇప్పుడే ఇక్కడికి వచ్చిందన్నాను. ఆ అబద్ధం కెప్టెన్ చెప్పమన్నది కాదు, నాదే. వాడు ఇల్లు చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. వాడు ఆ ఉత్తరం పోస్టులో వేయలేదు, చింపలేదు. పెట్టెలో దాచుకున్నాడని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు.

"అమ్మ పోయి ముప్పై ఏండ్లు. ప్రార్థన పెట్టిస్తున్న. గీ ఉత్తరం పాస్టరుగారు అందరి ముంగట చదువుతరు. ముందుగాల నువ్వొకసారి చదివి ఇనిపియ్యి" అన్నాడు.

కవరు చింపాను. కాగితం మీద ఆలుగడ్డలు అట్లాగే ఉన్నాయి. నా మాటకారితనం అక్కరకొచ్చింది. ఆ రోజు వాడు చెప్పినవన్నీ నాకు గుర్తే. కాగితం వైపు చూస్తూ అవే అప్పజెప్పాను. అమ్మా నేను మంచిగున్న. ఈడ నీళ్లు దప్ప ఏం లెవ్వు. నీ గొంగడి పాతదైంది, వచ్చేటప్పుడు మెత్తటి కంబళి తెస్త. మా భండారీ మన దిక్కోడే, పప్పు నీ లెక్కనే చేస్తడు, ఉప్పే జరంత ఎక్కువ.

వాడు కళ్లు మూసుకొని విన్నాడు. తరువాత చెయ్యి చాపాడు, పాస్టరుగారికి ఇచ్చి వస్తానని.

కాగితం ఇవ్వలేకపోయాను. చర్చిలో అందరి ముందు ఆయన 'అమ్మా, సోమవారం పప్పు' అని మొదలుపెట్టడం కళ్లకు కట్టింది. చెప్పేశాను. కెప్టెన్ మాట, రేడియో, గోడ మీద పట్టిక, అన్నీ.

వాడు వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"తొమ్మిది రోజులు నాకు అన్నం పెట్టినవు."

"పెట్టిన."

"నవ్వించినవు గూడ."

"నవ్వించిన. బందువెడితే నీకు అనుమానం వస్తదని."

కాగితంలో రాసింది రాసినట్టు చదవమన్నాడు. చదివాను. బుధవారం చేపలు అన్నదగ్గర ఆపమన్నాడు. ఆ బుధవారం చేపలు రెండోసారి అడిగి పెట్టించుకున్నానని చెప్పాడు. తల్లి పోయిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి ముట్టించలేదట, చుట్టుపక్కలవాళ్లే అన్నం తెచ్చారట. "నేను గాడ రెండోసారి అడిగిన" అని మళ్లీ అన్నాడు. కాగితం మడిచి నాకే ఇచ్చి లోపలికి పోయాడు. కాసేపటికి వాడి భార్య వచ్చి, ఆయన పండుకున్నడు, మీ బండికి ఏళయితుందన్నా అంది.

ప్రార్థనకు నన్ను పిలవలేదు. అయినా ఆదివారాలు పోవడం మానలేదు. ఐదు వారాలు చాయ్ వచ్చింది, వాడు రాలేదు. వాడి భార్యతోనే నాలుగు కబుర్లు చెప్పి తిరిగి వచ్చేవాణ్ని. ఆరో వారం వచ్చి పక్కన కూర్చున్నాడు. కోపంగా లేడు. కందులకు ఈసారి ధర బాగుందన్నాడు. మోకాలు నొప్పన్నాడు. నేనూ నా మోకాలి సంగతి చెప్పాను. నా మోకాలు తనదానికంటే వయసులో చిన్నదని ఎగతాళి కూడా చేశాడు.

అప్పటి నుంచి ప్రతి వారం మాట్లాడుకుంటూనే ఉన్నాం. వానలు, మందులు, బండల లారీల దుమ్ము. ఒకసారి నేనే సాహసం చేసి, ఆ తుపానులో పప్పుగిన్నె గుర్తుందా అన్నాను. "యాదికి లేదు" అన్నాడు. యాదికి ఉందని ఇద్దరికీ తెలుసు.

నేను చాయ్ తాగాను. బండికి ఇంకా రెండు గంటలుంది. మోకాలికి ఏ నూనె రాస్తున్నావని అడిగాను.