రింగులు కుదిరేదాకా

మా చిన్నవాడు కొత్త కారు కొన్నాడు. పెట్రోలు కోసం పొద్దుటినుంచీ బంకు ముందు వరుసలో ఉండి, ముందు బండి కదిలినప్పుడల్లా ఇంజను వేసి నాలుగు గజాలు జరిపి ఆపేస్తుంటే, పక్కన కూర్చున్న నాకు నడుమూ పట్టేసింది, ఓపికా అయిపోయింది. కొత్త ఇంజనును మొదట్లో ఎలా నడిపితే జన్మంతా అలాగే పెట్రోలు తాగుతుందిరా అని చెప్పబోతే, ఇప్పటివాటికి ఆ పట్టింపులేవీ అక్కర్లేదని నవ్వేశాడు. నవ్వనీ. ఆ పట్టింపులు నన్నేం చేశాయో వాడికేం తెలుసు?

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రంగూన్‌లో కొత్త బండి అంటే పాతదానికి ఇంజను విప్పి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి కట్టించిందే. పజుండౌంగ్ పేటలో మా మేనమామ తన టాక్సీకి అలాగే చేయించి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అదే నా మొదటి ఉద్యోగం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక, ఇంజను కట్టిన మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు.

"బాలింతనాగ సూసుకోవాల దీన్ని. వెయ్యి మైల్లు తిరిగేదాకా ముప్పై దాటించకు, దూరాబారం తీసుకెల్లకు. రింగులు కుదురుకున్నాయంటే గేలనుతో ఊరంతా తిరగొచ్చు."

ఆ మాట నాకు మంత్రోపదేశమే అయిపోయింది. బస్సులవాళ్ళు హారన్ కొట్టి బర్మా భాషలో తిట్టిపోసినా నా కాలు బరువెక్కేది కాదు.

మా అమ్మకు అప్పట్లో ఒకటే కోరిక, నది అవతల ట్వంటే ఊళ్ళో మంచాన పడ్డ పిన్నిని, తన ఒక్కగానొక్క చెల్లెల్ని చూడాలని. మోకాళ్ళ నొప్పులతో పడవ ఎక్కలేదు, వంతెనల మీదుగా చుట్టూ తిరిగి కారులోనే పోవాలి. వెయ్యి పూర్తి కానీ అమ్మా, హాయిగా తీసుకెళతాను అన్నాను. నలుగురిని కన్న మనిషి, బాలింత అనగానే ఆవిడా సరేనంది. రోజూ నేను ఇల్లు చేరగానే, "ఇయ్యాల ఎంత తిరిగినాదిరా?" అని అడిగేది. నాలుగు వందలన్నాను, ఆరు వందలన్నాను.

ఏడు వందల ఎనభై దగ్గర ఉండగా, పొద్దుటి పడవలో వచ్చిన మనిషి పిన్ని పోయిందని కబురు చెప్పాడు. ఆ పూట నాకు ఏ నియమమూ గుర్తు లేదు. అమ్మను ఎక్కించుకుని అరవైకి తొక్కాను, ఇంజను మొర్రోమంటున్నా కాలు తియ్యలేదు. అయినా మేం చేరేసరికి అంతా అయిపోయింది. తిరుగుదారిలోనూ అదే వేగంతో నడుపుతుంటే, అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"నెమ్మదిగ పోనీ నాయినా. ఇంక తొందరేటి?"

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తరవాత ఆ ఇంజను ఉన్నన్నాళ్ళూ నీలం పొగ కక్కుతూ పెట్రోలు తాగుతూనే ఉంది. అమ్మ మళ్ళీ ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగలేదు. ఇప్పుడు కారు కొత్తది, పెట్రోలు దొరికితే చాలు, మొదటి రోజే ఎంత దూరమైనా పోవచ్చట. పోదామంటే, ట్వంటేలో కళ్ళలో ఒత్తులు వేసుకుని మాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు.