కుంకుడు రసంలో తోమిన రింగులు

కుంకుడుకాయల వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బందరులో నేను పనిచేసిన షెడ్డు ఒకప్పుడు కవరింగు నగలది. యజమానిని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన వాక్యూమ్ యంత్రం కొని, ఉపగ్రహాల బేరింగు రింగులకు పూత వేసే పని పట్టాడు. అంతరిక్షంలో గ్రీజు నిలవడం కష్టం, ఆవిరైపోతుంది. అందుకని రింగు మీద నల్లటి పొడి పూత, వెంట్రుక కన్నా ఎంతో పలచగా వేస్తాం. చూపుకి అది ఒట్టి మసి. ఏళ్ల తరబడి రాపిడిని ఓర్చుకోవాల్సింది మాత్రం ఆ మసే. దానికి తేమ పడదు, మాదేమో ఉప్పుగాలి ఊరు. మొదటి రింగులను చేత్తో ముట్టకుండా గాలి చొరని డబ్బాలో మూసిపెట్టి, ఆదివారం ఆరాధనకి అవనిగడ్డ వెళ్లాను. వాటిలో ఒకటి రెండు పరీక్షలో నెగ్గితే మిగతావి ఉపగ్రహంలోకి ఎక్కేవి, ఆ పని మాకు ఖాయమయ్యేది. నేను చదివిన చదువంతా అందుకే.

సోమవారం వచ్చేసరికి రింగులు తళతళలాడుతున్నాయి.

"సరుకు మసిమొహంతో గడప దాటకూడదమ్మా. కుంకుడు రసంలో వేసి ఇత్తడి బ్రష్షుతో తోమాను. చూడు, ఎలా ఉన్నాయో!" అన్నాడు బాబాయ్, మురిసిపోతూ. నగలకి చివర్లో చేసే పని అది. వాళ్ల నాన్న నేర్పింది.

"పూతంతా ఊడగొట్టారు కదండీ!" అని అరిచాను.

తెలియక చేశాడు, అంతటితో ఊరుకునేదాన్నే. మళ్లీ వేద్దామంటే వినడే! ఆ సాయంత్రమే పంపేయాలన్నాడు.

"అక్కడక్కడా ఉందిగా, చాల్లే. పోతే తెచ్చిస్తారు, మళ్లీ పూసిద్దాం. గాజులకి చెయ్యట్లా?"

"ఆకాశంలోంచి ఎవరు తెస్తారు? మీరెళ్తారా?"

"అక్కడ ఎవరు చూడొచ్చారమ్మా!"

పదిమంది చూస్తారని తోమిన మనిషే ఆ మాటన్నాడు. గరుకు కాగితం తీసి, ఎవరికీ పంపడానికి వీల్లేకుండా రింగులన్నిటినీ ఆయన ఎదురుగానే గీకేశాను.

"రేపట్నుంచి రాకు" అన్నాడు.

పనిలో చేరినప్పుడు ఆయన స్వయంగా పూత వేసిచ్చిన గాజు ఇంకా నా చేతికి ఉంది. లోపలివైపు రాగి తేలింది. పట్టుకెళ్తే మారుమాట లేకుండా మళ్లీ పూసిస్తాడు, నాకు తెలుసు. నేను వెళ్లను.