స్వరూప పరీక్షకి తోడు వెళ్లిన రోజు

జీడిమెట్ల నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్లదలచుకున్నవారికి ముందుగా ఒక మాట. ఎనిమిది దాటాక బయల్దేరితే సగం ఓపిక బాలానగర్ చేరేసరికే అయిపోతుంది. అందుకే మేం ఏడున్నరకల్లా ఇంటికి తాళం వేశాం.

మేం అంటే నేను, మా పక్క వాటాలో ఉండే స్వరూప. నేను ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. తెనాలి మనిషిని, నోరు కాస్త పెద్దది. స్వరూపది మెదక్ దగ్గర పల్లె. మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ల సంచులు తనిఖీ చేసే సెక్యూరిటీ ఉద్యోగం ఆమెది. ఎండనక, వాననక ఆరేళ్లుగా ఆ గేటు దగ్గరే నిలబడుతోంది. ఇప్పుడు వాళ్ల ఏజెన్సీకి ఒక ఐటీ భవనంలో రిసెప్షన్ పని వచ్చింది. వచ్చినవాళ్లని పలకరించి, పేరు రాసుకుని, పాస్ ఇచ్చి లోపలికి పంపాలి. నీడపట్టున కుర్చీలో కూర్చుని చేసే పని. కాకపోతే ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడటం రావాలి. దానికే ఆ రోజు పదకొండింటికి పరీక్ష. తప్పితే మళ్లీ గేటే గతి.

రెండు నెలలపాటు రోజూ సాయంత్రం మా వంటింట్లో పాఠం జరిగింది. నేను కూర తరుగుతూ చెప్పేదాన్ని, తను చిక్కుడుకాయలు వలుస్తూ అప్పజెప్పేది. సాయం అడగాలంటే ‘కుడ్ యూ ప్లీజ్’, ‘వుడ్ యూ మైండ్’. సాయం చేస్తామనాలంటే ‘మే ఐ హెల్ప్ యూ’. అన్నీ ఇట్టే పట్టేసింది. చివరి పాఠం దగ్గర మాత్రం మొరాయించింది. ఎవరైనా సాయం చేస్తామంటే నొప్పించకుండా వద్దని చెప్పడం ఆ పాఠం. ఎన్నిసార్లు చెప్పించినా సగంలో నాలుక కరుచుకుని నవ్వేసేది.

“మనోళ్లు చేస్తమంటే వద్దని ఎట్ల అంటమక్కా? మొఖం మీద కొట్టినట్టుంటది” అనేది.

ఏడూ నలభై అయిదుకి సిటీ బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్ ఇస్తారు. గడప దాటిన క్షణం నుంచి ఎవరిని ఏం అడిగినా స్వరూపే ఇంగ్లీషులో అడగాలని నేనే నియమం పెట్టాను. కానీ తను నోరు తెరిచేలోపు నేనే కండక్టరుతో “రెండు బాలానగర్ మెట్రో అమ్మా” అనేశాను. కండక్టరమ్మ, చెప్పబోయి ఆగిపోయిన స్వరూప వైపు చూసి, “ఏంది మేడం, ఆమెకు నోరు లేదా?” అంది. నేను విననట్టు కిటికీలోంచి చూశాను.

ఎనిమిదీ ఇరవైకి బాలానగర్‌లో మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి, రాయదుర్గం వెళ్లే రైలు మారాలి. అక్కడ బోర్డులు చూస్తూ నిలబడితే జనమే తోసుకుపోతారు. కనక నేరుగా జనం వెంటే నడిస్తే చాలు. ఆడవాళ్ల పెట్టెలో ఒకమ్మాయి పక్క సీట్లో ల్యాప్‌టాప్ సంచి పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఏదో వింటోంది. స్వరూప ఒకసారి గొంతు సవరించుకుంది.

“ఎక్స్‌క్యూజ్ మీ, వుడ్ యూ మైండ్ మూవింగ్ యువర్ బ్యాగ్?”

“అయ్యో, సారీ ఆంటీ, కూర్చోండి” అని ఆ పిల్ల సంచి ఒళ్లోకి తీసుకుంది.

“నేను ఇంగ్లీష్ల అడిగితె ఆమె తెలుగుల చెప్పిందక్కా!” అని స్వరూప నా చెవిలో వాపోయింది.

“సీటు దొరికిందా లేదా? అది చూడు” అన్నాను. పైకి అలా అన్నానే గాని, లోపల పొంగిపోయాను.

తొమ్మిదింపావుకి రాయదుర్గంలో దిగాం. అక్కణ్ణుంచి షేర్ ఆటో. పుప్పాలగూడ దారిలో ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. వేడిగా ఉంది, అల్లం చట్నీ బాగుంది. స్వరూప మాత్రం ఒకటే తిని, “ఇగ దిగుతలేదక్కా, జర పరేషాన్ ఉంది” అని ప్లేటు నా వైపు జరిపింది.

పదిన్నరకి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆ భవనం చేరాం. చుట్టూ అద్దాలే. లాబీ మా బడి మొత్తం కంటే పెద్దది. పదకొండింటికి అక్కడి మేనేజరు వచ్చింది, ముప్పై ఏళ్లుండే చురుకైన పిల్ల. నన్ను సోఫాలో కూర్చోమని, స్వరూపని రిసెప్షన్ బల్ల వెనక నిలబెట్టింది. తనే ఐడీ కార్డు మరిచిపోయి వచ్చిన ఉద్యోగిలా నటించి, లోపలికి పంపమని ఇంగ్లీషులో అడిగింది. స్వరూప ఆలోచిస్తోంది. రెండు క్షణాలు, మూడు క్షణాలు. నా వల్ల కాలేదు.

“ఐ యామ్ సారీ, కుడ్ యూ ప్లీజ్ వెయిట్ హియర్!” అని సోఫాలోంచి నేనే జవాబు చెప్పేశాను.

మేనేజరు వెనక్కి తిరిగింది. “మేడం, వుడ్ యూ మైండ్ లెటింగ్ హర్ ఆన్సర్?” అంది నవ్వుతూనే.

రెండు నెలలు నేను నూరిపోసిన ముక్కే అది. తిరిగొచ్చి నాకే తగిలింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ పైన స్వరూప తనంతట తనే తడబడకుండా జవాబు చెప్పింది.

అప్పుడే నిజంగా ఒక పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. ఒక చేతిలో ఊతకర్ర, రెండో చేతిలో బరువైన సంచి. స్వరూప పరీక్ష సంగతే మరిచి ఒక్క ఉదుటున వెళ్లి ఆయన చేతిలోని సంచి పట్టుకుంది. మన ఇళ్లల్లో అంతే కదా. గుమ్మంలోకి వచ్చినవాళ్ల చేతిలో బరువుంటే అందుకుంటాం. ‘అందుకోమంటారా’ అని అడిగితేనే తప్పు. కానీ ఆ పెద్దాయన కంగారుగా సంచి వెనక్కి లాక్కున్నాడు. మేనేజరు మొహంలో నవ్వు పోయింది, కాగితం మీద ఏదో రాసుకుంది.

నేను సగం లేచాను. ‘మా అలవాటండీ, తప్పుగా అనుకోకండి’ అని సర్దిచెబుదామని మాట నాలుక మీదికి వచ్చింది. ఇందాకటి చురక గుర్తొచ్చి, సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని మళ్లీ కూర్చున్నాను. ఆ రోజంతటిలో నేను పడ్డ కష్టం అదొక్కటే.

స్వరూప చేతులు వెనక్కి తీసుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది. “సారీ సర్. మే ఐ క్యారీ ఇట్? ఆర్ షల్ ఐ జస్ట్ వాక్ విత్ యూ?”

సంచి మోయనా, లేక ఊరికే మీ పక్కన నడవనా అని అడుగుతోంది. ఆ రెండో ముక్క నేను నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ చూడలేదు. పెద్దాయన మొహం విచ్చుకుంది. “వాక్ విత్ మీ” అన్నాడు. సంచి ఆయన చేతిలోనే ఉంది. స్వరూప ఆయన కర్ర వేగానికి తన నడక తగ్గించుకుని లిఫ్టు దాకా నడిచింది. ఉన్న మాట చెబుతున్నాను, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పిల్లలకి ర్యాంకులు వచ్చినప్పుడు కూడా ఇంత గర్వపడలేదు.

తను తిరిగొచ్చాక మేనేజరు కాగితం మడిచి చెయ్యి చాపింది. “సోమవారం ఎనిమిదింటికి వచ్చేయండి. కానీ ఇకమీదట ముందు అడగాలి, తరవాతే అందుకోవాలి, సరేనా?”

పుప్పాలగూడలో భోజనం చేశాం. ఈసారి స్వరూప రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. రెండున్నరకి రాయదుర్గంలో మెట్రో ఎక్కాం. మొదటి స్టేషన్ కాబట్టి ఇద్దరికీ సీట్లు దొరికాయి. దుర్గం చెరువు దాటుతుండగా నేను సోమవారం లెక్కలు మొదలుపెట్టాను.

“మొదటి రోజు కదా, నేనూ వస్తాను. బడికి సెలవు పెడతాలే. అమీర్‌పేటలో మారడం నీకు కొత్త” అన్నాను.

 స్వరూప నా వైపు తిరిగి, నా కళ్లలోకి చూసింది.

“థాంక్యూ అక్కా. ఇట్స్ వెరీ కైండ్ ఆఫ్ యూ. బట్ ఐ విల్ మేనేజ్.”

మొత్తం పూర్తి చేసింది. నాలుక కరుచుకోలేదు. నవ్వలేదు. నాకు ఒక్క క్షణం చివుక్కుమంది. మరుక్షణమే అక్కడే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

“మొఖం మీద కొట్టినట్టుందా అక్కా?” అంది, భయంభయంగా నా మోచెయ్యి పట్టుకుని.

“లేదే పిచ్చిదానా. నూటికి నూరు వేశాను” అన్నాను.

ఎదురు సీట్లో కూరగాయల సంచితో కూర్చున్న ఒకావిడ ఇదంతా వింటూనే ఉంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీరిద్దరు అక్కచెల్లెండ్లా?” అని నన్ను అడిగింది. చెప్పడానికి నా దగ్గర రెండు నెలల కథ ఉంది. నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, స్వరూప వైపు చూశాను.

“కాదమ్మా” అంది స్వరూప, వెన్ను నిటారుగా పెట్టి. “ఈమె మా టీచరు.”